పొలాల అడుగున షేల్ చమురు : గిట్టుబాటు అవుతుందా?

తాడేపల్లిగూడెం: గోదావరి జిల్లాల పొలాల అడుగున, బాగా లోతున ఉన్న షేల్ రాతి పొరల్లో చమురు, గ్యాస్ పెద్దఎత్తున ఉన్నాయన్న మాట పదేళ్ళకు పైబడి వినిపిస్తున్నది. అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థ 2013లో వెలువరించిన అంచనాల్లో, షేల్ గ్యాస్ విషయంలో మన దేశం మొత్తంలో కృష్ణా-గోదావరి బేసిన్‌కే ప్రథమస్థానం దక్కింది. అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఓ.ఎన్.జి.సి., ఆయిల్ ఇండియా సంస్థలకు, వాటి చేతిలో అప్పటికే ఉన్న క్షేత్రాల్లో షేల్ అన్వేషణ సాగించడానికి అనుమతి ఇచ్చింది. 2018 ఆగస్టులో ఇతర కంపెనీలకు కూడా తమ తమ క్షేత్రాల్లో ఆ అవకాశం కల్పించింది.

ఇన్ని జరిగినా, ఈ జిల్లాల్లో షేల్ పొర నుంచి వాణిజ్య స్థాయిలో చమురు గాని, గ్యాస్ గాని ఇంతవరకు ఉత్పత్తి కాలేదు. దేశంలో మరెక్కడా కూడా కాలేదు. కారణం ఏమిటి? రాయిలో సరుకు లేకనా, ఉన్నా తీయడం గిట్టుబాటు కాకనా? ఇకముందైనా గిట్టుబాటు అయ్యే వీలుందా? ఈ ప్రశ్నలు కంపెనీల లెక్కల గదులకే పరిమితమైనవి కావు. బావి తవ్వాలంటే కావలసినది రైతు పొలం. రాళ్ళు పగలగొట్టడానికి కావలసినది ఊరి నీరు. లారీలు తిరగవలసినది పంచాయతీ రోడ్డు మీద. కనుక లాభనష్టాల తీరు పల్లెవాసులకు కూడా తెలిసి ఉండడం అవసరం.

షేల్ అంటే ఏమిటి?

కోట్ల ఏళ్ళ క్రితం నీటి అడుగున పేరుకున్న మెత్తని బురద, పై బరువుకు నొక్కుకుపోయి గట్టిపడగా ఏర్పడిన రాయి షేల్. ఆ బురదతోపాటు కప్పడిపోయిన జీవపదార్థం భూమిలోని వేడికి ఉడికి చమురుగా, గ్యాస్‌గా మారుతుంది. అంటే షేల్ చమురుకు పుట్టిల్లు. అక్కడ పుట్టిన చమురులో కొంత భాగం కోట్ల ఏళ్ళలో పైకి పాకి, ఇసుకరాతి పొరల్లో చేరి ఆగిపోతుంది. నర్సాపురం, రాజోలు, తాటిపాక ప్రాంతాల్లో 1970ల చివరి నుంచి తవ్వుతూ వచ్చిన బావులన్నీ ఇలా పైకి వచ్చి చేరిన సరుకు కోసం తవ్వినవే. ఇప్పుడు మాట్లాడుతున్నది పుట్టింట్లోనే మిగిలిపోయిన సరుకు గురించి.

రెంటికీ గల తేడా రైతులకు తేలికగా బోధపడుతుంది. ఇసుక పర్రలో ఫిల్టరు పాయింటు దింపితే నీరు దానంతట అదే ఊరి వస్తుంది. నల్లరేగడి బెడ్డలోనూ తేమ ఉంటుంది, కాని దాన్ని పట్టుకుని ఎంత పిండినా చెంబెడు నీళ్ళు రావు. ఇసుకరాయి మొదటి తరహాది. షేల్ రెండవ తరహాది. అందువల్ల షేల్ పొర దాకా నిలువునా తవ్వి, అక్కడ గొట్టాన్ని పక్కకు మళ్ళించి, పొర వెంబడే కిలోమీటరు మొదలు మూడు కిలోమీటర్ల వరకు అడ్డంగా తవ్వుతారు. ఆ తర్వాత నీరు, ఇసుక, కొద్దిపాటి రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి పంపి రాతిని చీలుస్తారు. చీలికలు మూసుకుపోకుండా ఇసుక రేణువులు అడ్డు నిలుస్తాయి. వాటి గుండా చమురు బయటకు వస్తుంది.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఇందుకు చెప్పుకోదగిన పొరలు రెండు ఉన్నాయి. ఒకటి కొమ్ముగూడెం పొర. ఇది బొగ్గు, షేల్ కలిసి ఉన్న అతి ప్రాచీనమైన పొర. మండపేట ప్రాంతపు గ్యాస్ ఇందులో పుట్టినదేనని భూగర్భ శాస్త్రజ్ఞుల నిర్ణయం. రెండవది రాఘవాపురం షేల్. పశ్చిమ మెట్టలో ఈ పొర నేలపైకి తేలి కనిపిస్తుంది. డెల్టా వైపు వెళ్ళే కొద్దీ వేల అడుగుల లోతుకు దిగిపోతుంది. రెండు పొరలకూ మన పల్లెల పేర్లే ఉన్నాయి.

ఉండటం వేరు, దొరకటం వేరు

2013 అంచనాలో కృష్ణా-గోదావరి షేల్‌లో మొత్తం 381 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని, సాంకేతికంగా అందులో 57 లక్షల కోట్ల ఘనపుటడుగులు తీయవచ్చునని చెప్పారు. చమురు విషయానికి వస్తే, ఉన్నది దాదాపు 2,000 కోట్ల పీపాలు, తీయదగినది 60 కోట్ల పీపాలు. పీపా, అంటే బ్యారెల్, 159 లీటర్లు. నూరు పీపాల చమురు రాతిలో ఉంటే మూడు పీపాలు మాత్రమే తీయగలమని ఆ అంచనా వేసిన వారే అంటున్నారన్న మాట. ఊళ్ళో ప్రచారమయ్యేది మొదటి అంకె. లెక్కకు వచ్చేది రెండవ అంకె.

అయితే రెండవ అంకె కూడా లాభాన్ని చెప్పేది కాదు. "సాంకేతికంగా తీయదగినది" అంటే, ఖర్చు ఎంతయినా పరవాలేదనుకుంటే పైకి తేగలిగినది అని అర్థం. ఖర్చు పోను మిగులు ఉంటేనే తీసేది మూడవ అంకె. ఆ మూడవ అంకె ఈ జిల్లాలకు సంబంధించి ఇంతవరకు పుట్టలేదు. బావులు తవ్వి, నెలల తరబడి ఉత్పత్తి చేసి చూస్తే తప్ప అది పుట్టదు.

రెండవ అంకె మీదనైనా ఏకాభిప్రాయం లేదు. అమెరికా ప్రభుత్వానికే చెందిన భూగర్భ పరిశోధన సంస్థ ఖంభాత్, కృష్ణా-గోదావరి, కావేరి బేసిన్లు మూడింటికీ కలిపి 2012 ప్రారంభంలో ఇచ్చిన అంచనా 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులు మాత్రమే. అవే మూడు బేసిన్లకు ఇంధన సమాచార సంస్థ మరుసటి ఏడు ఇచ్చిన అంచనా 92 లక్షల కోట్లు. ఒకే దేశానికి చెందిన రెండు ప్రభుత్వ సంస్థల నడుమ ఇది పదిహేను రెట్ల తేడా. ఒకే చేనుకు ఒక మధ్యవర్తి 6 బస్తాలు, మరొకరు 92 బస్తాలు దిగుబడి కడితే, కోత కోసి కొలిచేదాకా ఆ చేను మీద అప్పు ఇచ్చేవారు ఉండరు.

ఇతర దేశాల అనుభవం

కాగితం మీద కనిపించిన షేల్ సంపద బావి దగ్గరకు వచ్చేసరికి కరిగిపోయిన ఉదాహరణలు లేకపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మాంటెరే షేల్ అనే పొరలో 1,540 కోట్ల పీపాల చమురు తీయవచ్చునని 2011లో అంచనా వేశారు. 2014లో అదే సంస్థ ఆ అంకెను 60 కోట్లకు దించివేసింది. చమురు మాయం కాలేదు. అక్కడి పొరలు భూకంపాల వల్ల మడతలు పడి, ముక్కలై ఉండడంతో, ఇతర రాష్ట్రాల్లో పనిచేసిన పద్ధతి అక్కడ పనిచేయలేదు.

ఐరోపాలో పోలండ్ దేశానిది ఇంకా పెద్ద పాఠం. 2011లో ఆ దేశానికి 187 లక్షల కోట్ల ఘనపుటడుగుల షేల్ గ్యాస్ ఉందన్నారు. రష్యా గ్యాస్ మీద ఆధారపడే బాధ తప్పుతుందని ఆ దేశం సంబరపడింది. మరుసటి ఏడు పోలండ్ భూగర్భ సంస్థ పాత బావుల రికార్డులు తిరగేసి, 12 నుంచి 27 లక్షల కోట్ల మధ్య ఉండవచ్చునని తేల్చింది. ప్రపంచ ప్రసిద్ధ కంపెనీలు 70 వరకు బావులు తవ్వాయి. గ్యాస్ తగిలింది, కాని బావి ఖర్చు రాబట్టేంత ధారగా రాలేదు. 2012లో ఎక్సాన్ మొబిల్, 2015లో షెవ్రాన్, కొనకో ఫిలిప్స్ వరుసగా తప్పుకున్నాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణలు కూడా ఉన్నాయి. టెక్సాస్ రాష్ట్రంలో బార్నెట్ షేల్ మీద జార్జి మిచెల్ అనే వ్యాపారి 1981లో మొదటి బావి తవ్వించాడు. చాలాకాలం పాటు ఖర్చే తప్ప రాబడి లేదు. చిక్కని జిగురు ద్రవాలకు బదులు ఎక్కువ నీరు, తక్కువ ఇసుకతో రాతిని చీల్చే చౌక పద్ధతి 1998లో కుదిరాక గాని పని గిట్టుబాటు కాలేదు. అంటే పదిహేడేళ్ళు. అర్జెంటీనాలో వాకా మూర్తా అనే షేల్ పొర మీద 2013లో ప్రభుత్వరంగ కంపెనీ వై.పి.ఎఫ్., షెవ్రాన్ కలిసి పెద్దఎత్తున పని మొదలుపెట్టాయి. 2024 నాటికి ఆ దేశపు చమురులో సగానికి పైగా ఆ ఒక్క పొరే ఇచ్చే స్థితికి వచ్చింది.

గెలిచిన చోట్లకు, ఓడిన చోట్లకు తేడా ఎక్కడ ఉంది? గెలిచిన చోట మొదటి బావి గొప్పగా ఏమీ లేదు. కాని పదవ బావి మొదటి దానికంటె చౌకగా తయారైంది, ఎక్కువ చమురు ఇచ్చింది. వందవది ఇంకా మెరుగైంది. ఓడిన చోట ఆ మెరుగుదల రాలేదు. కనుక ఒక బావి విఫలమైనంత మాత్రాన పొర పనికిరాదనడానికి వీలులేదు. ఒక బావిలో చమురు కనిపించినంత మాత్రాన గెలిచామనడానికీ వీలులేదు.

ఒక బావి జమాఖర్చు

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఈ క్రింది అంకెలు ఏ నిజమైన బావివీ కావు. లెక్క తీరు తెలియడానికి అనుకున్నవి.

బావి తవ్వి, రాయి చీల్చడానికి 60 కోట్ల రూపాయలు అయిందనుకుందాం. మొదటి ఏడాది 60,000 పీపాల చమురు వచ్చింది. షేల్ బావి గుణం ఏమిటంటే, ధార వేగంగా పడిపోతుంది. మొదటి సంవత్సరాంతానికి సగానికంటె చాలా తక్కువకు దిగిపోవడం మామూలు. కనుక రెండవ ఏడు 24,000, మూడవ ఏడు 14,000, నాలుగవ ఏడు 10,000, అయిదవ ఏడు 8,000, ఆపైన బావి మూతబడేదాకా మరో 34,000 పీపాలు వచ్చాయనుకుందాం. వెరసి లక్షా యాభైవేల పీపాలు.

పీపా ధర 5,000 రూపాయలు. ఓ.ఎన్.జి.సి. పాత క్షేత్రాల్లో మాదిరిగా ముడిచమురు విలువపై 20 శాతం రాయల్టీ పోతే 1,000 తగ్గుతుంది. పంపులు, మనుషులు, రవాణా, మురికినీటి శుద్ధి వగైరాలకు మరో 1,000. పీపాకు మిగిలేది 3,000. లక్షా యాభైవేల పీపాల మీద 45 కోట్లు. పెట్టింది 60 కోట్లు. నష్టం 15 కోట్లు. ఇతర పన్నులు, సెస్సులు ఈ లెక్కలో కలపనే లేదు.

సరే, అనుభవం మీద బావి ఖర్చు 40 కోట్లకు తగ్గిందనుకుందాం. పైకి చూస్తే 5 కోట్ల లాభం కనిపిస్తుంది. కాని వడ్డీ సంగతి రైతుకు వేరే చెప్పనవసరం లేదు. నూటికి 10 చొప్పున వడ్డీ కడుతూ ఏటేటా వచ్చిన సొమ్ము జమ చేసుకుంటూ పోతే, అయిదవ ఏడు చివరికి ఇంకా 17 కోట్లకు పైగా బాకీ ఉంటుంది. అప్పటికి బావిలో మిగిలిన చమురు మీద వచ్చేది 10 కోట్లు. కనుక అదీ నష్టమే. ఖర్చు 28 కోట్లకు తగ్గితే మాత్రం అయిదవ ఏటికి బాకీ తీరుతుంది.

ధర పెరిగితే? పీపా 7,000 అయిందనుకుని 60 కోట్ల బావికి అదే లెక్క కడితే, అయిదవ ఏటికి బాకీ 25 కోట్లు, మిగిలిన చమురు మీద వచ్చేది సుమారు 16 కోట్లు. ధర అంత పెరిగినా గట్టెక్కలేదు. అదే, ధర 5,000 దగ్గరే ఉండి, బావి రెట్టింపు చమురు ఇస్తే, 60 కోట్ల ఖర్చు కూడా ఆరేడు ఏళ్ళలో తీరిపోతుంది. దీన్నిబట్టి షేల్ వ్యాపారంలో అన్నిటికంటె ముఖ్యమైనది మార్కెట్ ధర కంటె, మొదటి ఏడాది బావి ఇచ్చే ధార అని స్పష్టమవుతుంది. మెట్టలో బోరు వేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. తేమ తగిలిందా లేదా అన్నది ఎవరూ అడగరు. నీళ్ళు ఎన్ని అంగుళాలు, ఎంతకాలం నిలుస్తాయి అన్నదే అడుగుతారు.

ఈ జిల్లాలకు గల అనుకూలాలు

కృష్ణా-గోదావరి షేల్‌కు కొన్ని సదుపాయాలు ఇప్పటికే అమరి ఉన్నాయి. నలభై ఏళ్ళకు పైగా చమురు, గ్యాస్ తీస్తున్న ప్రాంతం కనుక వేల అడుగుల లోతు పొరల వివరాలు పాత బావుల రికార్డుల్లో ఉన్నాయి. గ్యాస్ గొట్టాల మార్గాలు ఉన్నాయి. తాటిపాకలో చిన్న చమురుశుద్ధి కేంద్రం ఉంది. మండపేటలో బిగుతైన ఇసుకరాతి పొరలను చీల్చి గ్యాస్ తీసిన అనుభవం ఉంది. కొత్తగా అడవిలో రోడ్లు, గొట్టాలు వేసుకోవలసిన దేశాలతో పోలిస్తే ఇది తీసివేయదగిన సదుపాయం కాదు.

తీసిన గ్యాస్‌కు గిరాకీ లేకపోవడమన్నది కూడా లేదు. వేమగిరి మొదలు సామర్లకోట వరకు గ్యాస్ కోసం కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ చాలక నిలిచిపోయిన సంగతి విదితమే. ఆ కథలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. కాకినాడకు ఎదురుగా సముద్రంలోని డి-6 క్షేత్రం నుంచి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుందన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, మరుసటి ఏడాది సుమారు 6 కోట్లకు చేరి, 2013 నాటికి 2 కోట్లకు దిగువకు పడిపోయింది. అది షేల్ క్షేత్రం కాకపోవచ్చు. కాని కాగితం మీది అంకెను నమ్మి దాని మీద మరో పెట్టుబడి పెడితే ఏమవుతుందో ఆ కేంద్రాలు చూపుతున్నాయి.

ప్రతికూలాలు

మొదటిది లోతు. లోతు పెరిగేకొద్దీ వేడి, ఒత్తిడి పెరుగుతాయి. యంత్రాలకు, గొట్టాలకు ఖర్చు పెరుగుతుంది.

రెండవది రాతిలోని బంకమట్టి. పెళుసుగా ఉన్న రాయి గాజులా పగులుతుంది, చీలిక నిలుస్తుంది. బంకమట్టి ఎక్కువ ఉన్న రాయి వంగుతుంది గాని పగలదు. పగిలినా, తడి మట్టిలో వేలు గుచ్చి తీసినట్లు, మళ్ళీ మూసుకుపోతుంది. కృష్ణా-గోదావరి షేల్‌లో బంకమట్టి పాలు ఎక్కువని 2013 నివేదికే పేర్కొన్నది. మొదటి ఏడాది ధార మీదనే అంతా ఆధారపడి ఉన్నప్పుడు ఇది చిన్న లోపం కాదు.

మూడవది స్థలం. బావి ధార వేగంగా పడిపోతుంది కనుక ఉత్పత్తి నిలబెట్టాలంటే ఏటేటా కొత్త బావులు తవ్వుతూ ఉండాలి. అమెరికాలో ఒక్కొక్క షేల్ ప్రాంతంలో వేల బావులు తవ్వారు. టెక్సాస్ బీళ్ళల్లో అది చెల్లింది. ఎకరం, రెండెకరాల కమతాలు, ఊరికీ ఊరికీ నడుమ రెండు కిలోమీటర్లయినా ఎడం లేని డెల్టాలో అన్ని బావులకు చోటు దొరకడం కష్టం. ఒకే చోట నుంచి నాలుగైదు బావులను వేర్వేరు దిక్కులకు మళ్ళిస్తే కొంత స్థలం ఆదా అవుతుంది. అయినా యంత్రాలకు, నీటి తొట్లకు, లారీలకు ఎకరాల కొద్దీ జాగా కావాలి.

నాల్గవది నీరు. అమెరికా భూగర్భ సంస్థ లెక్క ప్రకారం ఒక్కొక్క బావికి 57 లక్షల లీటర్ల నుంచి 6 కోట్ల లీటర్ల వరకు నీరు పడుతుంది. వరి పంటకు నాలుగడుగుల నీరు కావాలనుకుంటే ఎకరానికి 49 లక్షల లీటర్లు అవుతుంది. అంటే ఒక బావికి పట్టే నీరు ఒక ఎకరం మొదలు పన్నెండు ఎకరాల వరి పంట నీటికి సమానం. ఇది విని గోదావరి ఎండిపోతుందని భయపడనవసరం లేదు. కాని ఆ నీరు కొద్ది వారాల్లోనే కావాలి. దాళ్వాలో వంతులవారీగా నీరు వదిలే రోజుల్లో, చివరి భూములకు అందని కాలువ నుంచి అది తోడితే తగవు తప్పదు.

తోడే నీటికంటె తిరిగి వచ్చే నీరు పెద్ద చిక్కు. రాతిలోంచి పైకి వచ్చే నీరు విపరీతమైన ఉప్పు, రసాయనాలు కలిసి ఉంటుంది. దాన్ని శుద్ధి చేయాలి, లేదా మళ్ళీ లోతు పొరల్లోకి ఎక్కించాలి. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలో చమురు బావుల మురుగునీటిని ఇలా పెద్దఎత్తున లోపలికి ఎక్కించడం వల్ల భూకంపాలు పెరిగాయి. 2016లో వచ్చిన దాని తీవ్రత 5.8. ఇప్పటికే ఉప్పునీరు ఎగదన్నుతున్న తీరప్రాంతంలో, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వరి పక్కపక్కనే ఉన్నచోట, ఈ నీటిని సవ్యంగా వదిలించుకోవడానికి అయ్యే ఖర్చు బావి ఖర్చులో కలపవలసినదే. ఆ ఖర్చు కలపని లాభం ఊరి నష్టంలోంచి తీసిన లాభం అవుతుంది.

భద్రత ఖర్చు కూడా అంతే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన రోజులు, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా బలైన రోజు కోనసీమ మరచిపోలేదు.

లాభం వస్తే ఎవరికి?

అమెరికాలో షేల్ వేగంగా విస్తరించడానికి ఒక కారణం అక్కడి చట్టం. చాలా చోట్ల పొలం కింది చమురు కూడా పొలం యజమానిదే. బావి పడితే ఎనిమిదో వంతో, అంతకు మించో అతనికి వాటా ముడుతుంది. కనుక రైతులే కంపెనీలను పిలిచారు. మన దేశంలో భూమి లోపలి చమురు ప్రభుత్వానిది. నేలమీది బావుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. పొలం యజమానికి దక్కేది పై భూమికి కౌలో, నష్టపరిహారమో మాత్రమే. బావిలో నూరు పీపాలు వచ్చినా, వేయి పీపాలు వచ్చినా ఆ మొత్తం మారదు. పొర గెలిచినా రైతు ధనవంతుడు కాడు. పొర ఓడితే, గట్టిపడిపోయిన పొలం మాత్రం రైతు వంతుకు మిగులుతుంది.

మరొక విషయం గమనించదగినది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ చేసిన మార్పు ప్రకారం, నేలమీది అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ సభ అవసరం లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు అది ఉంది. అనగా, పరీక్ష కోసం తవ్వే దశలో ఊరివారిని కూర్చోబెట్టి అడిగే సభ జరగకపోవచ్చు. అడగవలసినవి రైతులు, పంచాయతీలే ముందుగా అడగాలి.

గమనించవలసిన గుర్తులు

ఏదైనా ఊళ్ళో షేల్ బావి తవ్వితే, గిట్టుబాటు దిశగా అడుగు పడుతున్నదా లేదా అన్నది కొన్ని గుర్తులను బట్టి పల్లెవాసులు కూడా పోల్చుకోవచ్చు.

మొదటి రోజు మంట ఎంత ఎత్తు లేచిందన్నది గుర్తు కాదు. ఆరు నెలలు, ఏడాది తర్వాత ఆ బావి ఎంత ఇస్తున్నదన్నది గుర్తు.

నిలువు బావితో ఆగితే అది రాతి నమూనా తీసి చూడటం మాత్రమే. పక్కకు మళ్ళించి, రాతిని చీల్చి, గొట్టం కలిపితే అసలు పరీక్ష మొదలైనట్లు.

ఒక బావి తర్వాత అదే ప్రాంతంలో రెండవది, మూడవది తవ్వుతున్నారా? తవ్వకపోతే, నివేదికలో ఏమి రాసినా, లెక్క కుదరలేదనే అర్థం. తవ్వితే, ఒకదానికంటె ఒకటి తక్కువ రోజుల్లో పూర్తవుతున్నదా అన్నది చూడాలి. రోజులు తగ్గితే ఖర్చు తగ్గుతున్నట్లే.

తిరిగి వచ్చిన నీటిని ఎక్కడికి తీసుకువెళుతున్నారు? ఆ ఏర్పాటు లేకుండా పని మొదలైతే, సంస్థ పరీక్షకే వచ్చింది గాని నిలబడటానికి రాలేదనుకోవాలి.

మొత్తంమీద

ఇప్పటివరకు తెలిసిన విషయాలను బట్టి చూస్తే, కృష్ణా-గోదావరి షేల్‌లో చమురుకంటె గ్యాస్‌కు అవకాశం మెరుగు. సరుకు ఎక్కువ, గొట్టాలు సిద్ధం, కొనేవారు దగ్గరలోనే ఉన్నారు. చమురు మాట వేరు. నూటికి మూడు పాళ్ళే తీయదగిన పొరలో, బంకమట్టి అడ్డు ఉండగా, స్థలం ఖరీదైన డెల్టాలో, అది గిట్టుబాటు కావాలంటే బావి ఖర్చు సగానికి తగ్గాలి, లేదా ధార రెట్టింపు కావాలి. దేశంలో ఇంతవరకు ఆ రెండింటిలో ఏదీ జరిగినట్లు ఉత్పత్తి రూపంలో రుజువు లేదు. 2013 తర్వాత ఇంతకాలం గడిచినా వాణిజ్య ఉత్పత్తి మొదలు కాకపోవడం ప్రతికూల సూచనే. అయితే బార్నెట్‌కు పట్టిన పదిహేడేళ్ళను గుర్తు చేసుకుంటే తలుపు మూతపడిందని చెప్పడానికీ వీలులేదు.

ఈ స్థితిలో షేల్ వస్తుందని చెప్పి ఎవరైనా పొలాల ధర పెంచి బేరం పెడితే, ఆ ధరకు ఆధారం లేదు. షేల్ వస్తుందని భయపడి అయినకాడికి తెగనమ్ముకోవడానికీ ఆధారం లేదు. పరీక్ష బావి కోసం పొలం అడిగితే, కౌలు ఎన్నేళ్ళు, పని ఆగిపోతే భూమిని మళ్ళీ దున్నేటట్లు చేసి అప్పగించే బాధ్యత ఎవరిది, దానికి ముందుగా ధరావతు కడతారా, బోరునీటిని పని మొదలుకాకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి పరీక్ష చేయిస్తారా అన్న నాలుగు మాటలు కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టడం రైతుకు శ్రేయస్కరం. పొర సంగతి తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు. కాగితం సంగతి ఆ రోజే తేలాలి.